విద్యుత్కారు: యజమానుల ఫిర్యాదుల చరిత్ర



కడచిన వేసవిలో మా మేనల్లుడు తన విద్యుత్కారులో నన్ను భీమవరమునుండి ఉండికి తీసికొనిపోవుచుండెను. కారులో చప్పుడు లేదు, పొగ లేదు. బ్యాటరీలో ఇంకను నూటికి డెబ్బది పాళ్లు కరెంటు మిగిలియున్నదని యెదుటి పలక చూపుచుండెను. అంతలో ఆ పలకమీద ఎఱ్ఱని గుర్తొకటి వెలిగినది. కారు మెల్లమెల్లగా వేగము తగ్గి, రోడ్డు ప్రక్కకు చేరి నిలిచిపోయినది. అటుపిమ్మట ఎన్నిమారులు మీట నొక్కినను ఉలుకు లేదు, పలుకు లేదు.

రొయ్యల మేత బస్తాలు వేసికొని వచ్చుచున్న ట్రాక్టరువాడొకడు మమ్ము చూచి జాలిపడి ఆగెను. మోకు తీసి, "కట్టండి బాబూ, భీమవరం దాకా లాక్కుపోతాను" అనెను. మా మేనల్లుడు కారుతోపాటు ఇచ్చిన పుస్తకము తెరచి చదివి, "వద్దులే బాబాయ్, లాగకూడదని వ్రాసియున్నది" అనెను. ట్రాక్టరువాడు నవ్వి, "ఎడ్లబండి ఇరుసు విరిగినా లాగుతాం, లారీ ఇంజను పోయినా లాగుతాం. లాగితే చెడిపోయే బండి ఇదేం బండండీ?" అని అడిగి తన దారిని తాను పోయెను. చక్రములు నేలకు తగులకుండ కారును తన వీపుమీద మోసికొనిపోవు లారీ వచ్చువరకు మేము మూడు గంటలకాలము కాలువగట్టున చెట్టునీడను కూర్చుంటిమి.

ఆ ట్రాక్టరువాని ప్రశ్నకు సమాధానము కలదు. పెట్రోలు కారులో గేరు తప్పించినచో ఇంజనుకును చక్రములకును సంబంధము తెగిపోవును. విద్యుత్కారులలో పెక్కింట అట్టి తెగుదల లేదు. చక్రము తిరిగిన మోటారు తిరుగవలసినదే. అయస్కాంతములు గల మోటారు కరెంటు లేకుండ త్రిప్పబడినచో అదియే కరెంటు పుట్టించు యంత్రమగును. ఆ కరెంటు పోవలసిన చోటు లేక లోపలి సున్నితమైన పరికరములను మాడ్చివేయవచ్చును. సైకిలు చక్రమునకు ఆనించిన డైనమో తొక్కినకొలది దీపము వెలిగించునే, అదియే సంగతి.

ఆ చెట్టునీడను కూర్చున్న మూడు గంటలలో నాకు తోచిన విషయమును మీకు విన్నవించుచున్నాను. విద్యుత్కారు నిన్నమొన్న పుట్టిన వింత కాదు. దాని రోగములును నిన్నమొన్నటివి కావు. దాని చరిత్రను ఇంజనీర్ల పేర్లతో వ్రాసినవారు పెక్కురు గలరు. యజమానుల ఫిర్యాదులతో వ్రాసినవారు అరుదు. నా దృష్టిలో ఈ రెండవదియే అసలు చరిత్ర. ఏ కాలమున మొర ఆలకింపబడినదో ఆ కాలమున ఈ వాహనము బాగుపడినది. ఏ కాలమున ఆలకింపబడలేదో ఆ కాలమున చచ్చినది.

ముందుగా ఈ వాహనము లోపల ఏమున్నదో చూతము. ఇందుకు మనము దూరము పోనక్కరలేదు. మన చెరువులలో రాత్రింబవళ్లు తిరుగు ఏరియేటరును చూడుడు. ఒక మోటారు, దాని వేగమును తగ్గించు గేరుపెట్టె, దానినుండి సాగిన ఇరుసు, ఇరుసునకు రెక్కలు. రెక్కలకు మారుగా చక్రములు తగిలించినచో విద్యుత్కారు నడక యంత్రము సగము మీకు తెలిసినట్లే. మిగిలిన సగము బ్యాటరీయును, దానికిని మోటారుకును నడుమనుండు ఇన్వర్టరును. బ్యాటరీనుండి ఏకముఖముగా వచ్చు కరెంటును మోటారునకు కావలసిన తీరున మార్చి యిచ్చుట ఇన్వర్టరు పని. ఏరియేటరులో ముందుగా చెడునది ఏది? తీగచుట్టలు అరుదుగా మాడును. తరచుగా పోవునవి బేరింగులు, నూనె కారకుండ ఆపు సీళ్లు, తుప్పుపట్టిన తీగముళ్లు. రొయ్యల రైతు ఎవరిని అడిగినను ఇదే చెప్పును. కారులోను ఇంచుమించుగా అంతే. తిరుగు యంత్రము దృఢమైనది, చెడునది అతుకులదగ్గర.

ఇక చరిత్రకు వత్తము. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తియైనది గదా. ఆ తరువాత ఏడేండ్లకు, అనగా 1859లో, ఫ్రాన్సు దేశీయుడైన ప్లాంటే మరల మరల నింపుకొనదగిన సీసపు బ్యాటరీని కనిపెట్టెను. 1881లో త్రూవే అను మరియొక ఫ్రెంచివాడు పారిసు వీథిలో విద్యుత్తుతో మూడుచక్రముల బండిని నడిపి చూపెను. 1899 ఏప్రిలు 29వ తేదీన బెల్జియము దేశీయుడు జెనాత్సీ గంటకు 100 కిలోమీటర్ల వేగమును మించి విద్యుత్కారును పరుగెత్తించెను. అంతకుముందు భూమిమీద ఏ కారును ఆ వేగము నందుకొనలేదు. 1900వ సంవత్సరమున అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, విద్యుత్తువి 1,575, పెట్రోలువి 936 మాత్రమే. పెట్రోలు కారు అందరికంటె కడపటిదై యుండెనన్నమాట. అట్టి ముందడుగులోనున్న వాహనము నలువదియేండ్లలో కనుమరుగయ్యెను. ఎట్లు కనుమరుగయ్యెను? అది తెలియవలెనన్న లండను నగరపు బాడుగబండ్ల కథ వినవలెను.

1897 ఆగస్టులో వాల్టరు బెర్సీ అను యువక ఇంజనీరు రూపొందించిన విద్యుత్ బాడుగబండ్లు లండను వీథులలోనికి వచ్చినవి. మొదట పండ్రెండు, పిమ్మట సుమారు డెబ్బదియైదు. నలుపు పసుపు రంగులతో, తుమ్మెద ఝంకారమువంటి మెత్తని ధ్వనితో పోవుచుండుటచేత జనులు వానిని తేనెపిట్ట పేరుతో పిలిచిరి. గుఱ్ఱపుబండ్లతో నిండి పేడకంపు కొట్టు ఆ నగరమునకు అవి దేవుడిచ్చిన వరమువలె తోచినవి. గంటకు తొమ్మిదినుండి పండ్రెండు మైళ్ల నడక. ఒకమారు నింపిన ముప్పది మైళ్ల ప్రయాణము. బ్యాటరీ అయిపోగానే బండిని శాలకు తెచ్చి, నీటియొత్తిడితో పనిచేయు యంత్రముతో పాత బ్యాటరీని దింపి క్రొత్తదానిని ఎక్కించెడివారు. మన కాలమున బ్యాటరీ మార్పిడి కేంద్రములని గొప్పగా చెప్పుకొనునది నాటికే ఉండెను. ఒక ముచ్చట: 1897 సెప్టెంబరు 10వ తేదీన అట్టి బండి నడుపువాడొకడు త్రాగి యొక యింటి గోడకు గ్రుద్దెను. త్రాగి మోటారు వాహనము నడిపి దండుగ కట్టినవారిలో లోకమున మొదటివాడు ఆతడే యని చెప్పుదురు. ఆ తప్పుమాత్రము బండిది కాదు.

బండి తప్పులు ఆరునెలలు గడచినపిదప బయటపడినవి. తేనెపిట్టవలె పాడినది క్రమక్రమముగా విసురురాయివలె గరగరలాడ నారంభించినది. ఒక్కొక్క బండి బరువు రెండు టన్నులు. ఆ బరువునకు గట్టి రబ్బరు చక్రములు వేగముగా అరిగినవి. అరిగిన చక్రములు రాతిపరపు వీథులలో ఎగిరెగిరి పడినవి. ఆ అదురునకు బ్యాటరీలోని సీసపు పలకలు చెదరినవి. పలకలు చెదరగా బండి నడిమి దారిలో నిలిచినది. చక్రము అరుగుదల బ్యాటరీ చావునకు కారణమగుట చూచితిరా! రోగము ఒకచోట, నొప్పి మరియొకచోట. ఎక్కినవారు సణిగిరి, నడుపువారు విసిగిరి. బాగుచేయుటకు చాలినంత సొమ్మును ఓపికయు కంపెనీకి లేకపోయినవి. 1899లో బండ్లన్నియు వీథులనుండి తొలగింపబడినవి.  సరిగా అతుకబడని భాగములచేతను, వినబడని మొరచేతను ఆ ప్రయత్నము మునిగినది.

ఇందుకు ప్రతిగా నిలుపదగిన మరియొక కథ గలదు. సీసపు బ్యాటరీ బరువును చూచి రోసిన ఎడిసను మహాశయుడు ఇనుమును నికెలును ఉపయోగించి క్రొత్త బ్యాటరీ చేసి 1903లో అమ్మకమునకు పెట్టెను. అప్పటికే ఆయన పేరు లోకమంతట మారుమ్రోగుచుండెను. ఏడాది తిరుగకముందే కొన్నవారు ఫిర్యాదులు పంపిరి: డబ్బీల అతుకులనుండి ద్రవము కారుచున్నది, బలము తగ్గుచున్నది అని. ఆయన ఏమి చేయవలెను? కొన్నవారి వాడుకయే తప్పని తోసివేయవచ్చును. అట్లు చేసినవారు నాడును గలరు, తరువాతను గలరు. ఎడిసను అట్లు చేయలేదు. 1904లో తయారీని నిలిపివేసి, చెడినవానిని వెనుకకు తీసికొని, మరల ప్రయోగశాలలో కూర్చుండెను. అయిదేండ్ల శ్రమ పిమ్మట 1909లో క్రొత్త బ్యాటరీ వెలువడినది. అది ఎంత గట్టిదనగా, దశాబ్దములకొలది రైల్వే సంకేతములకును గనులలోని దీపములకును ఉపయోగపడినది. పరువుకంటె పని పెద్దదని ఆయన తలచినట్లున్నది.

అయినను ఆ అయిదేండ్ల ఆలస్యములో పెట్రోలు కారు చాల ముందునకు పోయినది. 1912లో కెట్టరింగు అను నాతడు చేసిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో చేరినది. అంతవరకు పెట్రోలు ఇంజనును ఇనుపకడ్డీతో చేత త్రిప్పవలసియుండెను. ఎదురుతన్నుచో మణికట్టు విరిగెడిది. ఆ భయముచేతనే పట్టణపు స్త్రీలును వైద్యులును విద్యుత్కారును కోరుకొనుచుండిరి. ఒక చిన్న విద్యుత్ మోటారు పెట్రోలు కారులో దూరి, విద్యుత్కారుల బ్రతుకును తీసినది! 1907లో మొదలైన డిట్రాయిట్ ఎలెక్ట్రిక్ కంపెనీ 1939 వరకు ఎట్లో బ్రతికి మూతపడినది. ఆ తరువాతి యేబదియేండ్లను గూర్చి చెప్పవలసినది కొంచెమే.

మన దేశమున 1993లో ఢిల్లీ మోటారు ప్రదర్శనమున లవ్‌బర్డ్ అను ఇద్దరు కూర్చుండు విద్యుత్కారును కేరళలోని చాలకుడికి చెందిన కంపెనీ చూపినది. కొద్దికార్లే అమ్ముడైనవి. అసలు ఆరంభము 2001లో బెంగుళూరున వెలువడిన రేవా. ఎనిమిది సీసపు బ్యాటరీలు సీటుక్రింద పెట్టుకొని, సుమారు 80 కిలోమీటర్లు పోవు చిన్నకారు. హైదరాబాదు వీథులలో దానిని చూచినవారు మీలో కొందరుందురు. అది సముద్రము దాటి లండనునకును పోయి, బెర్సీ బండ్లు ఆగిన వీథులలోనే వందలకొలదిగా తిరిగినది. అచ్చట 2007లో ఒక పత్రిక దానిని గోడవంటి అడ్డునకు గ్రుద్దించి పరీక్షింపగా, లోపలి మనిషికి రక్షణ చాలదని తేలినది. చట్టము దానిని కారుగా గాక బరువు తక్కువ నాలుగుచక్రముల బండిగా లెక్కించుటచేత, కారునకుండు గ్రుద్దుడు పరీక్ష దానికి తప్పినది. ఇది యంత్రపు దోషమని కంటె చట్టపు సందు అనుట న్యాయము. ఆ కంపెనీని 2010లో మహీంద్రావారు కొని, 2013లో లిథియము బ్యాటరీతో ఈ2ఓ అను కారును తెచ్చిరి. కార్ల గ్రుద్దుడు పరీక్షలకు మన దేశమునదే యైన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైనది. 2024 జూనులో రెండు విద్యుత్కారులు దానిలో అయిదు నక్షత్రములును సంపాదించినవి.

లిథియము మాట వచ్చినది గనుక దానిని వివరింతును. సీసముకంటె ఎన్నియో రెట్లు తేలికయై, అంతే బరువులో ఎక్కువ శక్తి నిలుపుకొను ఈ బ్యాటరీ 1991లో జపానులో అంగటికి వచ్చినది. దానికి మూలమైన పరిశోధన చేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురికి 2019లో నోబెలు బహుమానము లభించినది. నేడు కార్లు వందల కిలోమీటర్లు పోగలుగుట దీని చలువయే. దీని ప్రమాదమును దీనిలోనే ఉన్నది. ఆ ముచ్చట కొంచెము తరువాత. ముందు నడక యంత్రమును గూర్చిన ఫిర్యాదులు చూతము.

2012లో అమెరికాలో వెలువడిన టెస్లా మోడల్ ఎస్ కారును కొన్నవారు రెండేండ్లలోనే ఒక విచిత్రమైన ఫిర్యాదు చేయసాగిరి: వెనుకనుండి గిరగిరమను రొద, ఒకప్పుడు టకటకమను చప్పుడు. పెట్రోలు కారులో ఇంజను రొద ఇట్టి చిన్న చప్పుళ్లను కప్పివేయును. చప్పుడు లేని కారులో చిన్న చప్పుడును పెద్దదే. కంపెనీవారు పెక్కు కార్లకు మోటారును గేరుపెట్టెను కలిపి మొత్తముగా మార్చి యిచ్చిరి. కొన్నింటిలో సన్నని లోహపు రేకు ఒకటి చొప్పించిన చాలుననియు, కొన్నింటిలో వదులుగా నున్న తీగను కట్టివేసిన చాలుననియు పిమ్మట వారే చెప్పిరి. 2014 ఆగస్టులో నడక యంత్రమునకు ఎనిమిదేండ్ల హామీని, ఎన్ని మైళ్లు తిరిగినను చెల్లునట్లుగా, అంతకుముందు కొన్నవారికి సైతము వర్తింపజేసిరి. ఆ హామీ ఎవరి దయయు కాదు. చప్పుడు విని ఊరకుండక వ్రాసి తెలిపినవారి ఫలము.

ఆ చప్పుళ్లలో ఒకదాని కారణము మన మోటారు మెకానిక్కులకు ఆశ్చర్యము గొలుపును. ఇన్వర్టరు నుండి వచ్చు కరెంటు కొంత ఇరుసులోనికి చేరి, బేరింగు గుండ్లమీదుగా దారి వెదకికొని దూకును. దూకిన ప్రతిమారును కంటికి కనబడని నిప్పురవ్వ గుండుమీద సూదిమొనయంత గుంట పెట్టును. లక్షల గుంటలు పడిన బేరింగు గరగరలాడును. నూనె మార్చిన పోవు రోగము కాదిది. అందుచేతనే కొన్ని కంపెనీలు పింగాణీ గుండ్ల బేరింగులను వేయుచున్నవి. కొన్ని ఆ కరెంటును వేరుదారిని నేలకు దింపు కుంచెను ఇరుసునకు ఆనించుచున్నవి. లండనులో చక్రము బ్యాటరీని చంపినట్లే, ఇచ్చట ఇన్వర్టరు బేరింగును కొరుకుచున్నది.

ఇక మా కారు ఉండి రోడ్డున నిలిచిన కారణమునకు దగ్గరి రోగము. విద్యుత్కారులలో పెక్కింట పెద్ద బ్యాటరీతోపాటు మామూలు కార్లలో నుండునట్టి చిన్న పండ్రెండు వోల్టుల బ్యాటరీ ఒకటి యుండును. పెద్ద బ్యాటరీ తలుపు తీయు తాళపుచెవి ఆ చిన్నదానియొద్ద నుండును. దీపములు, మీటలు, కంప్యూటరు అన్నియు దానిమీదనే నడచును. దానిని పెద్ద బ్యాటరీనుండి నింపుచుండు పరికరము చెడినచో, కొంత దూరము పోయి చిన్న బ్యాటరీ ఎండిపోవును, కారు ఆగును. గాదెనిండ ధాన్యముండియు తాళపుచెవి పోయి పస్తున్నట్లు. ఇది ఊహ కాదు. ఇట్టి పరికరపు లోపము కారణముగా 2024 జూనులో హ్యుండాయి వారు మన దేశమున అమ్మిన 1,744 అయోనిక్ 5 కార్లను, జూలైలో కియా వారు 1,138 ఈవీ6 కార్లను వెనుకకు పిలిచి సరిచేయుదుమని ప్రకటించిరి. బండి నడిరోడ్డున హఠాత్తుగా శక్తి కోల్పోవుట కేవలము అసౌకర్యము కాదు. వెనుక లారీ వచ్చుచున్నచో ప్రాణాపాయమే.

అగ్ని విషయమునకు వత్తము. లిథియము బ్యాటరీలో ధన ఋణ ధ్రువముల నడుమ కాగితముకంటె పలుచని పొర యొకటి యుండును. అది చిరిగినను, ముడుతపడినను, మితిమించిన వేడికి కరిగినను రెండును కలిసికొని మంట పుట్టును. ఒక గది మండిన దాని వేడిచేత ప్రక్క గది మండును. తాటాకుటిండ్ల వరుసలో నిప్పు పడినట్లు పాకును. మంట ఆరినదనుకొన్న కొన్ని గంటలకు, ఒకప్పుడు కొన్ని దినములకు మరల రాజుకొనును. అమెరికాలో షెవర్లే బోల్ట్ కార్లలో ఇట్టి మంటలు లేచినపుడు, లోపల చిరిగిన కొన, ముడుతపడిన పొర అను రెండు తయారీ లోపములు ఒకేచోట కలిసినచో ప్రమాదమని కనుగొనిరి. 2021 ఆగస్టులో ఆ జాతి కార్లన్నిటిని, సుమారు 1,42,000 కార్లను, వెనుకకు పిలిచిరి. బ్యాటరీ మార్చువరకు కారును ఇంటిలో పెట్టవద్దనియు, కార్లశాలలలో ఇతర కార్లకు ఏబది అడుగుల దూరమున నిలుపుడనియు యజమానులకు చెప్పిరి. లక్షలు పోసి కొన్న కారును వీథిలో పెట్టి నిద్రపోవలసిన గతి!

మన తెలుగునాట ఈ దుఃఖము 2022లో స్కూటర్ల రూపమున వచ్చినది. ఏప్రిలులో నిజామాబాదున ఇంటిలో చార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఎనుబదేండ్ల వృద్ధుడొకరు మరణించిరి. కొద్దిదినములకే, ఏప్రిలు 23వ తేదీన, విజయవాడలో ముందునాడు కొనిన స్కూటరు బ్యాటరీ పడకగదిలో చార్జింగునందుండగా తెల్లవారుజామున పేలి గృహస్థుడు ప్రాణము కోల్పోయెను, భార్య గాయపడెను. సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికిందరాబాదున విద్యుత్ స్కూటర్ల అంగడిలో లేచిన అగ్నియొక్క పొగ మీది అంతస్తులలోని వసతిగృహమునకు ప్రాకి ఎనిమండుగురు మృతినొందిరి. ఆ యేడే జూనులో ముంబయి సమీపమున వసాయిలో నెక్సాన్ విద్యుత్కారొకటి తగులబడగా కేంద్రప్రభుత్వము విచారణకు ఆదేశించినది.

ఇచ్చట నేనొక మాట చెప్పకుండ పోరాదు. పెట్రోలు కార్లు కాలవని ఎవరును అనుకొనరాదు. స్వీడను దేశపు ప్రభుత్వ లెక్కలలో, సంఖ్యను బట్టి చూచిన, విద్యుత్కారులు తగులబడుట చాల తక్కువ. భయపడవలసినది సంఖ్యకు కాదు, చోటునకు. పెట్రోలు బండి మనము మేలుకొనియున్నపుడు రోడ్డుమీద నింపుకొనును. విద్యుద్వాహనము మనము నిద్రించుచుండగా మన యింట నింపుకొనును. నిజామాబాదులోను విజయవాడలోను మృత్యువు ఇంటిలోపలికే వచ్చినది.

ఆ మరణముల తరువాత నిబంధనలు కదలినవి. రక్షణశాఖ పరిశోధకులును ఇతర నిపుణులును పరిశీలించి చెప్పినదానిమీద, ద్విచక్ర త్రిచక్ర వాహనములకు ఏఐఎస్ 156, కార్లకు బస్సులకు ఏఐఎస్ 038 అను ప్రమాణములను కేంద్రము సవరించినది. సవరణలు రెండు విడతలుగా 2022 డిసెంబరు 1, 2023 మార్చి 31 తేదీలనుండి అమలునకు వచ్చినవి. బ్యాటరీలోని ఒక గది మండినచో తక్కినవానికి పాకకుండ తట్టుకొనగలదా యను పరీక్ష వానిలో ముఖ్యమైనది. ఆ తేదీలకు ముందు తయారైన బండిని సగముధరకు అమ్మజూపువారు మన సంతలలో గలరు. కొనువారు తయారైన నెలను అడిగి తెలిసికొనవలెను.

మన డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు నీరు. నీటికిని విద్యుద్వాహనమునకును వైరము క్రొత్తది కాదు. మన పూర్వులు కోర్టు పనులమీదను చదువులమీదను చెన్నపట్టణము పోయి ఎక్కిన ట్రాము 1895 మే 7వ తేదీన నడచినది. దేశములో అదియే తొలి విద్యుత్ ట్రాము. దానికి కరెంటు మొదట నేలలోని గాడినుండి అందెడిది. వానలకు గాడి నిండి చిక్కులు రాగా, ఆ పద్ధతిని విడిచి పైన తీగలు కట్టిరి. నేటి కారు బ్యాటరీ పెట్టె అంతకంటె భద్రమైనది. మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను లోపలికి నీరు పోరాదని దానికి పరీక్ష. కాని ఆ పరీక్ష మంచినీటిలో అరగంటకు మాత్రమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వాహనములు మునిగినది అరగంట కాదు, దినములకొలది. ఉప్పునీటి సంగతి మరింత విషమము. 2022 సెప్టెంబరు చివర అమెరికాలోని ఫ్లోరిడా తీరమున తుపాను తెచ్చిన సముద్రపునీట మునిగిన విద్యుత్కారులు కొన్ని, నీరు తీసిన దినములకు తగులబడినవి. ఎండిన ఉప్పు లోపల కరెంటునకు దారియై నిలిచెను. నరసాపురము, మొగల్తూరు వైపు ఉప్పెనను ఎఱిగినవారికిని, ఉప్పునీటి చెరువుగట్లపై కారు తిప్పువారికిని ఇది దూరదేశపు కథ కాదు. మునిగిన కారును, అది చక్కగా నడచుచున్నను, ఇంటికి దూరముగా ఆరుబయట నిలిపి పరీక్ష చేయించుటకు పిమ్మటనే చార్జింగునకు పెట్టవలెను. గట్లమీది రాళ్లు బ్యాటరీ పెట్టె అడుగునకు తగులుటయు చిన్నది కాదు. 2013లో అమెరికాలో రోడ్డుమీది ఇనుపముక్క దిగబడి టెస్లా కారు కాలగా, మరుసటి మార్చిలో వారు అడుగున టైటానియము పలకను అమర్చిరి.

మరియొక ఫిర్యాదు మనయొద్ద తరచుగా వినవచ్చును: "కారు చార్జింగు తీసికొనుట లేదు, కారు చెడినది" అని. పెక్కుసారులు చెడినది కారు కాదు, ఇంటి ఎర్తు. గొయ్యిలో ఉప్పు బొగ్గు వేసి పాతికేండ్ల క్రిందట పాతిన ఎర్తు ఎండిపోయియుండును. ఫ్యానును దీపమును అది లేకున్నను నడచును గనుక ఎవరును గమనింపరు. విద్యుత్కారు గమనించి, ఎర్తు లేని ఇంట కరెంటు త్రాగనని మొండికెత్తును. ఆ మొండితనము మన మేలునకే. దానిని మోసపుచ్చి చార్జింగు చేయించు మెకానిక్కులు గలరు. వారిని గడప త్రొక్కనీయకుడు.

ఫిర్యాదు చేయుటకు నేడు చట్టమున చోటు గలదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమున 110-ఏ అను విభాగము 2021 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఒకే రకపు బండిలో ఒకే లోపమును గూర్చి నిర్ణీతసంఖ్యకు మించి ఫిర్యాదులు చేరినయెడల, ఆ బండ్లను వెనుకకు పిలువుమని ప్రభుత్వము కంపెనీని నిర్బంధింపవచ్చును. తయారై ఏడేండ్లు దాటని బండ్లకు ఇది వర్తించును. తప్పినవారికి కోటి రూపాయలవరకు జుల్మానా కలదు. ఈ చట్టమునకు ప్రాణము సంఖ్యలో నున్నది. భీమవరములో ఒకడు, పాలకొల్లులో ఒకడు, తణుకులో ఒకడు ఎవరి రోగము వారు మెకానిక్కుతో చెప్పుకొని ఊరకున్నచో లెక్క పూర్తికాదు. లండనులో బెర్సీ బండ్లెక్కినవారి సణుగుడు ఎచ్చటను లెక్కకు ఎక్కలేదు.

మా మేనల్లుని కారు పదునొకండు దినములు మరమ్మతుశాలలో నుండెను. చిన్న బ్యాటరీని నింపు పరికరమును మార్చితిమనిరి. "ఇదివరకెవరికైన ఇట్లు జరిగినదా?" అని ఆతడు అడుగగా, "మీకే మొదట" అనిరి. బయట బల్లమీద కూర్చున్న ఆకివీడు ఆసామి యొకడు తన కారును అదే రోగముతో తెచ్చి తన వంతునకై వేచియుండెను. ఇరువురును అచ్చటనే కూర్చుండి, బండి నంబరు, ఆగిన తేదీ, తిరిగిన కిలోమీటర్లు, ఎఱ్ఱని గుర్తు రూపము ఒక కాగితముమీద వ్రాసికొని, ఆ రాత్రియే ప్రభుత్వమువారి ఫిర్యాదుల పుటలో వేర్వేరుగా నమోదు చేసిరి. వచ్చిన రెండు నమోదు సంఖ్యలను మా మేనల్లుడు కారు పుస్తకపు మొదటి పేజీలో, లాగరాదని హెచ్చరించిన పంక్తికి పైన, వ్రాసి పెట్టుకొనెను.